సెయింట్ జేమ్సు వీథిలోని త్రాసు

కన్నకూతురి యింటికి బోయి, అన్నము పెట్టుమని యడిగి, లేదనిపించుకొన్న తల్లి మీలో నెవ్వరైన నున్నారో లేదో నే నెఱుగను. నాకా యనుభవము లండను మహానగరమున గలిగినది.

మాది కోనసీమ. గుమ్మము దిగిన వరిచేలు, వాని కావల కొబ్బరితోటలు. మా యూర నెవ్వరిని బలుకరించినను "అన్నం తిన్నారా" యనియే యడుగుదురు. కూర, పప్పు, పులుసు, పెరుగు మొదలగునవి యన్నమును లోనికి సాగనంపుటకు వచ్చిన పరివారమే గాని వానికి వేఱు గౌరవము లేదు. ఇట్లు అరువది యేండ్లు తిని, 84 కిలోల బరువును, పదునొకం డేండ్ల చక్కెర వ్యాధిని, మెట్లెక్కనీయని మోకాళ్ళను సంపాదించుకొంటిని. మా వారు నీ వ్యాధితోడనే మూత్రపిండములు చెడి 2017లో గతించిరి.

నిరుడు ఏప్రిలు నెలలో, మనుమనికి రెండవ నెల నడచుచుండగా, ఈస్టుహామ్ పేటలో నున్న మా యమ్మాయి యింటికి బోయితిని. పిల్లవాని అన్నప్రాశనమునకని మా చేని బియ్యము రెండు కిలోలు పెట్టెలో బెట్టుకొని పోయితిని. చేరిన నాటి రాత్రి పళ్ళెములో గుత్తివంకాయ కూర, మెంతిపెరుగు, వాని నడుమ తెల్లని కుప్ప యొకటి యుండెను. ముద్ద కలుపబోగా చేతికంటలేదు.

"ఇదేం బియ్యమే?" అంటిని.

"బియ్యం కాదమ్మా, కాలీఫ్లవరు తురుము. నాన్న విషయంలో నోరు మూసుకుని ఊరుకున్నాను. నీ విషయంలో ఊరుకోను."

నేను తెచ్చిన బియ్యపు మూట అల్మారా మీది యఱలోనికి బోయినది. నా చేతి కందని యఱ యది. ఆ రాత్రి నేను పండుకొని యేడ్చిన మాట దాచను. ఆకలికి గాదు. కూతురు తల్లిని శిశువునుగా జేసి మాటాడిన దినము నెవ్వరును మఱువలేరు.

మఱునాడు మా యల్లుడు నా ప్రక్కన గూర్చుండి నెమ్మదిగా జెప్పెను. వండిన యన్నము నూఱు గ్రాములలో సుమారు 28 గ్రాములు పిండిపదార్థమే. అది కడుపులో చక్కెరయై నెత్తుటిలో జేరును. దానిని దించుటకు పుట్టు ఇన్సులినే మిగిలినదానిని క్రొవ్వుగా దాచుటకును దోడ్పడును. కావున పిండిని దగ్గించి, కూరలను, పెరుగును, జున్నువంటి పన్నీరును, వేరుసెనగలను హెచ్చించుట యీ పథ్యపు మార్గము. "ఇది కొత్తది కాదు అత్తయ్యగారూ. ఈ ఊళ్ళోనే నూట అరవై ఏళ్ళ కిందట ఒక పెద్దమనిషి చేసి చూపించాడు. ఆయన ఉన్న వీథి చూపిస్తాను రండి" అనెను. పథ్యమునకు గాకున్నను, వీథి చూచుటకు నేను సమ్మతించితిని.

ఆ పెద్దమనుష్యుని పేరు విలియం బాంటింగు. ఆయన కుటుంబమువారు రాజవంశము వారికి అంత్యక్రియల సామగ్రి సమకూర్చువారు. 1820లో మూడవ జార్జి రాజునకును, 1852లో వెల్లింగ్టన్ ప్రభువునకును, 1861లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్టునకును కడపటి యేర్పాటులు జేసినది వారే. (ఆ 1852లోనే మా గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది. మా డెల్టా వరిపంటకు, తరువాత నా మోకాళ్ళ బరువునకు, మూలము అచ్చటనే యున్నది.) ఇందఱిని సాగనంపిన బాంటింగు గారు అరువదియాఱేండ్ల వయసున అయిదడుగుల అయిదంగుళముల యెత్తునకు 202 పౌనులు తూగుచు, వంగి జోళ్ళ త్రాళ్ళు గట్టుకొనలేక, మెట్లు వెనుకకు దిరిగి దిగుచుండెడివారట. ఇది వినగానే నాకాయనపై బంధుప్రీతి గలిగినది. మా యింటి యరుగు మెట్లు నేను నట్లే దిగుదును.

పడవలు నడపుట, ఆవిరిస్నానములు, ఖనిజజలములు ఏవియు నాయనకు బనిచేయలేదు. తుదకు చెవి వినబడుట తగ్గి విలియం హార్వే యను చెవివైద్యుని యొద్దకు బోవగా, ఆయన రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప మానుమనెను. కాలేయము చక్కెరను బుట్టించునను క్లాడ్ బెర్నార్డు పండితుని యుపన్యాసములను హార్వే పారిసులో వినియుండెను. ఒక యేడాదిలో బాంటింగు గారు 46 పౌనులు తగ్గిరి. చెవి బాగుపడినది. 1863లో తన యనుభవమును చిన్న పొత్తముగా సొంత ఖర్చుతో నచ్చొత్తించి పంచిపెట్టిరి. నేటికిని స్వీడను దేశమున పథ్యము చేయుటను 'బాంటా' అందురు. ఆయన తిన్న మాంసములు, త్రాగిన ద్రాక్షసారా మన కక్కఱ లేదు. అదియునుగాక, ఉపవాసము చేసితినని చెప్పి మూడు పూటల మాంసమును తినువానిని మా యమ్మమ్మ చూచియుండినచో నేమనెడిదో!

మే నెలలో నొక శనివారము పిల్లవానిని బండిలో బెట్టుకొని బయలుదేరితిమి. డిస్ట్రిక్టు లైను రైలులో సెయింట్ జేమ్సు పార్కు స్టేషనున దిగి, తోటలో నడచితిమి. ఆ కొలనులో గూడబాతు లున్నవి. 1664లో రష్యా రాయబారి రెండవ చార్లెసు రాజునకు కానుకగా నిచ్చిన నాటినుండి యా తోటలో గూడబాతు లుండుట యాచారమట. కొల్లేటి చెంత ఆటపాకలో వేనవేలుగా జూచిన పక్షులను లండనులో నాలుగైదింటిని జూచి, పుట్టింటివారిని జూచినట్లు సంతోషించితిని.

తోట దాటిన ఎఱ్ఱయిటుకల రాజభవనము, దాని యెదుట మీదికి బోవు సెయింట్ జేమ్సు వీథి. మొదటనే 3వ నంబరు గల నల్లని కొయ్యముఖపు అంగడి. దీనిని 1698లో బోర్న్ అను నొక విధవరాలు పచారీకొట్టుగా బెట్టినది. ఇప్పుడది ద్రాక్షసారా వర్తకుల యిల్లు. కాఫీ మూటలు తూచు పెద్ద త్రాసుమీద 1765 మొదలు కొనుగోలుదారులను గూర్చుండబెట్టి తూచి, వారి బరువులు పుస్తకములలో వ్రాసియుంచిరి. కవి బైరన్ బరువును వానిలో గలదు. ఇంట నొక్క త్రాసైన లేని కాలమున దొరలు వచ్చి కాఫీమూటలవలె గూర్చుండిరన్నమాట. ఒక యాడుది, అందును భర్తలేనిది, మూడువందల యేండ్లకు బైగా నిలిచిన యంగడి పెట్టెనని నేను త్రాసు మాట మఱచి ఆ గుమ్మమునే చూచుచు నిలిచితిని.

అచ్చటినుండి తోటకు మఱలి వచ్చుచుండగా నా చేతులు వణకజొచ్చెను. చల్లని గాలిలో నొడలెల్ల చెమట పట్టెను. కన్నులు చీకట్లు గ్రమ్మి, మాట తడబడినది. మా యమ్మాయి సంచిలోని యంత్రముతో వ్రేలిని బొడిచి చూడగా 58. బల్లమీద గూర్చున్న యొక తెల్ల తల్లి సంగతి గ్రహించి, తన బిడ్డకై తెచ్చిన నారింజరసపు డబ్బీ నా చేతి కిచ్చినది. పావుగంటలో తేఱుకొంటిని. ఏ చక్కెరను వదలించుకొనుటకు దేశము గాని దేశమున తిండి మానితినో, ఆ చక్కెరయే నన్ను లేపినది. ఆ తల్లి పేరైన నడుగ మఱచితిని.

తప్పు నాది. అన్నము మానితిని గాని, అన్నమునకు సరిపడ నిచ్చిన మాత్రను మానలేదు. క్లోమమును దట్టి ఇన్సులినును బలవంతముగా బుట్టించు జాతి మాత్ర యది. తిండి తగ్గినపుడు దాని మోతాదును తగ్గవలెను. మాత్రలు గాని, ఇన్సులిను సూది గాని వాడు సోదరీమణులు వైద్యుని కెఱిగింపక యీ పథ్యమునకు దిగరాదు. నే నా రాత్రి అమలాపురములోని మా వైద్యునికి టెలిఫోనులో జెప్పగా, ఆయన చీవాట్లు పెట్టి మాత్రను సగము చేసిరి. మా యమ్మాయి మూడు దినములు నాతో సరిగా మాటాడలేదు. భయపడినదని తరువాత దెలిసినది. అప్పటినుండి రాత్రి పూట నొక చిన్న గరిటెడు అన్నము పెట్టసాగినది. నేనడుగలేదు.

మొదటి వారమున రెండు కిలోలు తగ్గితినని మురిసితిని గాని, అందు పెద్దభాగము నీరేనట. తలనొప్పి పట్టినపుడు ఉప్పు వేసిన మజ్జిగ త్రాగిన తగ్గెను. మలబద్ధమునకు తోటకూర, బెండకాయ దోహదపడినవి. అవి ఈస్టుహామ్ వీథులలో మన సంతలోవలె దొరకును. ఒకటి మాత్రము చెప్పవలెను. పిండి తగ్గించుటే మహామంత్ర మని నమ్ముట సరిగాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డు పండితులు 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టున క్రొవ్వును, ఒక జట్టున పిండిని తగ్గించి యేడాది చూచిరి. 2018లో ప్రకటించిన ఫలితము ప్రకారము మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండవది 6 కిలోలు తగ్గినవి. ఆ భేదము లెక్కింపదగినది కాదని వారే చెప్పిరి.

జూలైలో బాంటింగు గారి సమాధిని జూడవలెనని పట్టుబట్టితిని. ఆయన 1878లో ఎనుబదియొకటవ యేట గతించిరి. వెస్టు బ్రాంప్టను స్టేషను దగ్గఱనే బ్రాంప్టను శ్మశానవాటిక. 1840లో దెఱచిన దఁట. నిమ్మళముగా నడచుటకు దగిన పెద్ద తోట. గంటన్నర వెదకితిమి. ఆయన రాయి కానరాలేదు. ఎన్నో రాళ్ళపై నక్షరములు చెఱిగినవి. ఇట్లు తిరుగుచుండగా పూలు పెట్టియున్న యొక యెత్తైన శిలువ యెదురైనది. అది ఎమ్మెలైను పాంఖర్‌స్టు గారి సమాధి. స్త్రీల వోటుకై చెరసాలలో పలుమాఱులు నిరాహారముండిన తల్లి యామె. 1928 జూన్ 14న గతించినది. ఆంగ్లేయ స్త్రీలకు పురుషులతో సమముగా వోటునిచ్చు చట్టము జూలై 2న వచ్చినది, పదునెనిమిది దినములు తాళలేకపోయినది. నేను తిండి తగ్గించి వణకి పడిపోయినదానను. ఆమె చేసినది వేఱు తిండి మానుట. చెప్పులు విడిచి నమస్కరించితిని. ఆ నాడు నేను పట్టు పట్టి నడచినది మూడు మైళ్ళు. మోకాళ్ళు సణుగలేదు.

ఆగస్టులో అన్నప్రాశనము. అల్లుడు కుర్చీ యెక్కి పై యఱలోని మూట దించెను. మా చేని బియ్యముతో, బెల్లముతో పాయసము వండినది మా యమ్మాయియే. బంగారుటుంగరముతో నాలుకపై రాచినపుడు పిల్లవాడు మొగము చిట్లించి, వెంటనే మఱల నోరు దెఱచెను. మిగిలినది వెండిగిన్నెలో నుండెను. నేను రెండు చెంచాలు తింటిని. అమ్మాయి చూచి పొయ్యివైపు దిరిగినది.

వచ్చునపుడు నా బరువు 77 కిలోలు. ఇంటికి వచ్చిన పది దినములకు వినాయకచవితి. ఉండ్రాళ్ళు, కుడుములు, పులిహోర చేయక తప్పునా? తినకను తప్పలేదు. దీపావళి నాటికి 79 చూపినది. తవ్వెడు బియ్యము వండిన యింట నిప్పుడు గిద్దెడు వండుచున్నాను. పొరుగింటివారు నాకేమో జబ్బని యనుకొనుచున్నారు.

ఆదివారమాదివారము అమ్మాయి టెలిఫోను చేసి బరువెంత యని యడుగును. 79 అని చెప్పిన నాడు కొంతసేపు మాటాడలేదు.

"అన్నం తిన్నావా అమ్మా?" అనెను తుదకు.

"తిన్నానే. గిద్దెడు" అంటిని.