గవ్వ మెరుపు

మధ్యాహ్నం పనులు తెమిలాక అమ్మమ్మ అష్టాచెమ్మా గవ్వలు తీసేది. నాలుగింటినీ గుప్పిట్లో గలగలలాడించి నేలమీద వేసేది. అన్నీ వెల్లకిలా పడితే చెమ్మా, అన్నీ బోర్లా పడితే అష్టా. అమ్మమ్మ చేతుల్లో ఏళ్ల తరబడి నలిగే అవి అంత నునుపుదేలాయని అనుకునేదాన్ని.

ఆ మెరుపు అమ్మమ్మది కాదని చాలా ఏళ్లకు తెలిసింది.

గవ్వ ఒక చిన్న సముద్రపు నత్త ఇల్లు. ఒకప్పుడు డబ్బుగా చెల్లిన జాతికి 1758లో లిన్నేయస్ ‘మొనెటా’ అని పేరు పెట్టాడు. నాణేలను తలపించే లాటిన్ మాట అది. పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. తూర్పు ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాకా, పగడపు దిబ్బల మీద లోతు తక్కువ నీళ్లలో ఉంటుంది. పగలు రాళ్ల కింద నక్కి, రాత్రి పాచి మేస్తుంది.

పసితనంలో దాని పెంకు కూడా మామూలు నత్తగుల్లలా సుడి తిరిగే ఉంటుంది. ఎదిగేకొద్దీ చివరి చుట్టు తక్కిన చుట్లన్నింటినీ కప్పేస్తుంది. అంచు లోపలికి మడుచుకుని పళ్లున్న సన్నని చీలిక మిగులుతుంది. ఆ చీలికలోంచే పలుచని కండపొర రెండు వైపులా పైకి పాకి ఇంటిని కమ్ముకుంటుంది. పెంకుకు పూత పూసేదీ, గీతలు పడకుండా కాచేదీ ఆ పొరే. ప్రాణం పోయాక అలల్లో, ఇసుకలో దొర్లిన గవ్వ వెలిసిపోతుంది. కాబట్టి తళతళలాడే గవ్వ చాలావరకు ప్రాణంతో పట్టిందే.

మాల్దీవుల్లో కొబ్బరిమట్టలు నీళ్లలో వేసి, వాటిని పట్టుకున్న గవ్వల్ని ఏరేవారు. గోతుల్లో వేసి కండ కుళ్లిపోయాక పెంకులు తీసేవారని 14వ శతాబ్దంలో అక్కడ ఉన్న ఇబ్న్ బతూతా రాశాడు. అవి బెంగాల్‌కు వెళ్లేవి, బదులుగా బియ్యం వచ్చేది. తర్వాతి కాలంలో యూరప్ వర్తకులు అవే గవ్వల్ని పశ్చిమ ఆఫ్రికాకు చేర్చి మనుషుల్ని కొన్నారు. ఇంత చిన్న ఇంటి మీద అంత పాపం మోపాం. చివరికి ఏమీ లేనివాడి దగ్గర ‘చిల్లిగవ్వ’ కూడా లేదన్నాం.

అమ్మమ్మ గవ్వలు ఇప్పుడు నా దగ్గరున్నాయి. నలిగినా వాటి నిగనిగ పోలేదు. పిల్లలతో ఆడే ముందు ఒకదాన్ని వెల్లకిలా తిప్పి ఆ చీలిక చూపిస్తాను. ఈ మెరుపు పూసిన ప్రాణి ఇక్కడి నుంచే వచ్చి తన ఇంటిని కప్పుకునేదని చెబుతాను. ఆ తర్వాతే పందెం వేస్తాం.