కొండా కడలీ... ఒకే రోజు!

విశాఖపట్నం వెళ్లిన కుటుంబం కైలాసగిరి ఎక్కకుండా రాదు. శివపార్వతుల ముందు ఓ ఫొటో, పిల్లలకు బొమ్మరైలు, తలా ఓ ఐస్‌క్రీమ్... గంటన్నరలో అంతా అయిపోతుంది. కిందికి దిగాక ‘ఇంతేనా?’ అనిపిస్తుంది. నిజానికి లోటు కొండది కాదు, వెళ్లిన వేళది. ఏది ఎప్పుడు చూడాలో, ఎవరిని ఎంత దూరం నడిపించాలో ముందే అనుకుని బయల్దేరితే అదే కొండ ఓ రోజంతా కట్టిపడేస్తుంది.

తూర్పు కనుమల పాయలు విశాఖ దగ్గర సముద్రం దాకా వచ్చి ఆగుతాయి. దక్షిణాన నీళ్లలోకి ముక్కులా పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్, ఉత్తరాన రుషికొండ, ఇంకా ముందుకెళితే తొట్లకొండ, బావికొండ. వీటి మధ్యలో, నగరాన్ని ఆనుకుని 173 మీటర్ల ఎత్తున కైలాసగిరి. సుమారు 380 ఎకరాల్లో విస్తరించిన ఈ పార్కు పైనుంచి చూస్తే ఓ పక్క వంపు తిరిగిన తీరం, మరో పక్క కొండల మధ్య కిక్కిరిసిన ఊరు కనిపిస్తాయి.

సూర్యుడు ఏ వైపు?

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సముద్రంలో సూర్యాస్తమయం చూద్దామని సాయంత్రం హడావుడిగా కొండెక్కుతారు. ఇది తూర్పు తీరం. సూర్యుడు కడలిలోంచి పుడతాడు, కొండల వెనక్కి వెళ్లిపోతాడు. డిసెంబరులో అయితే సాయంత్రం ఐదున్నరకే వెలుగు తగ్గుతుంది. ఆలస్యంగా ఎక్కినవాళ్లకు మిగిలేది చీకటీ, దీపాలూ మాత్రమే.

అందుకే రోజును తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. సూర్యోదయానికి కొండపైకే వెళ్లనక్కర్లేదు. కైలాసగిరి పాదాల దగ్గర, బీచ్‌రోడ్డు పక్కనే తెన్నేటి పార్కు ఉంది. విశాఖ ఉక్కు ఉద్యమ నేత తెన్నేటి విశ్వనాథం పేరిట వెలిసిన ఈ పార్కులో కూర్చుంటే ఎదురుగా రాళ్లు, వాటిని కొట్టుకునే అలలు, ఆ వెనక ఎర్రగా పైకొచ్చే బింబం. పెద్దవాళ్లు మెట్లెక్కే పనే ఉండదు.

సాయంత్రం కొండ మీదే గడపాలనుకునేవారు క్యాలెండరులో పౌర్ణమి ఎప్పుడో చూసుకుంటే మంచిది. ఆ రోజు సూర్యుడు వెనక కొండల్లోకి దిగే వేళకే ఎదురుగా సముద్రంలోంచి నిండు చందమామ వస్తాడు. మబ్బు లేకపోతే ఆ రెండూ ఒకే చోటునుంచి చూడొచ్చు. పిల్లలకు పాఠం చెప్పినంత పని!

భిక్షువులు మెచ్చిన చోటు

సూర్యోదయం అయ్యాక వెంటనే కైలాసగిరి ఎక్కాల్సిన పనిలేదు. బొమ్మరైలు, రోప్‌వే లాంటివి పొద్దెక్కాక గానీ మొదలుకావు. టిఫిన్ చేసి బీచ్‌రోడ్డు మీద భీమిలి వైపు సాగిపోతే తొట్లకొండ వస్తుంది. నగరం నుంచి సుమారు 15 కిలోమీటర్లు. వాహనం పైదాకా వెళ్తుంది. పైన నీడ తక్కువ కాబట్టి ఎండ ముదరకముందే చూసెయ్యాలి.

రెండువేల ఏళ్ల కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదుల పునాదులు ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి. కొండరాతిని తొలిచి వాననీళ్లు పట్టుకునే తొట్లు చేసుకున్నారు. తొట్లకొండ అన్న పేరు వాటివల్లే వచ్చింది. కొద్ది దూరంలోని బావికొండదీ అదే కథ. అక్కడ బావులు! నౌకాదళం జరిపిన విమాన సర్వేలో తొట్లకొండ ఆనవాళ్లు బయటపడితే, 1988 నుంచి 1992 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలూ దొరికాయి. అంటే ఈ తీరం మీదుగా ఓడల వ్యాపారం అప్పటికే సాగుతుండేదన్నమాట. కొండెక్కిన పిల్లలకు ‘వాన పడితే ఆ నీళ్లు ఎటు వెళ్లేవో కనిపెట్టండి’ అని చెప్పి వదిలితే చాలు. తొట్ల దగ్గరే అరగంట గడిచిపోతుంది.

గాలి గుర్తులు

మధ్యాహ్నం రుషికొండ దగ్గర భోజనం, కాస్త విశ్రాంతి. మూడు, మూడున్నరకు కైలాసగిరి చేరుకుంటే అన్నీ చూడటానికి తీరిక ఉంటుంది. పైకి వెళ్లడానికి మూడు దారులు. ఘాట్‌రోడ్డులో కారు, ఆటో, బస్సు వెళ్తాయి. తీరం వైపునుంచి మెట్లదారి ఉంది. ఓపికున్న కుర్రాళ్లకు అదే సరదా. మూడోది రోప్‌వే. గాలి బలంగా వీచినా, మరమ్మతులున్నా దాన్ని ఆపేస్తారు. కాబట్టి దాన్నే నమ్ముకుని తాతయ్య, అమ్మమ్మలను కిందే దింపకూడదు. ముందు కనుక్కోవాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి పైన నడవడం కష్టమైతే బొమ్మరైలు ఎక్కిస్తే సరి. కూర్చున్నచోటునుంచే కొండ చుట్టూ తిరిగి రావచ్చు. నలభై అడుగుల శివపార్వతుల విగ్రహాలతో పాటు 2025 చివర్లో ప్రారంభమైన గాజు వంతెన ఇప్పుడు కొత్త ఆకర్షణ.

వీటన్నిటి మధ్యా చాలామంది తల తిప్పి చూడనివి ఇక్కడి చెట్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్లకు చేరిన గాలులకు నగరంలో, చుట్టుపక్కల కొండల మీద లెక్కలేనన్ని చెట్లు కూలాయి. పచ్చగా ఉండే కైలాసగిరి రాత్రికి రాత్రి మోడైపోయింది. ఇప్పుడు కనిపిస్తున్న పచ్చదనంలో చాలావరకు ఆ తర్వాత నాటినదీ, మోళ్లనుంచి తిరిగి చిగురించినదే. ఈ చెట్లకింద మంట పెట్టి వంట చేయడం, కొమ్మలు విరవడం, చిప్స్ పొట్లాలు లోయలోకి విసరడం ఎంత తప్పో పిల్లలకు ఇంతకంటే బాగా చెప్పే చోటు దొరకదు. వాలు మీద వేళ్లు పట్టు వదిలితే వానకు మట్టి ఆగదు. కొండ పచ్చగా ఉంటేనే కింద ఊరు చల్లగా ఉంటుంది.

అలలతో ఆటలొద్దు

కొండ దిగగానే పిల్లలు నీళ్లవైపు పరిగెడతారు. పెద్దలు జాగ్రత్తపడాల్సింది అక్కడే. విశాఖ తీరం చూడ్డానికి నెమ్మదిగా ఉన్నా చాలాచోట్ల లోపల లాగేస్తుంది. ఒడ్డునుంచి నాలుగడుగులు వేయగానే లోతు పెరుగుతుంది. తెన్నేటి పార్కు దగ్గరి రాళ్లు పాచిపట్టి జారతాయి. ఫొటో కోసం వాటిమీద నిలబడి ఉండగా పెద్ద అల వస్తే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. స్నానం చేయాలనుకుంటే 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ బీచ్ నయం. అక్కడ కూడా జెండాలు, హెచ్చరిక బోర్డులు చూసి, గజ ఈతగాళ్లు కాపలా ఉన్న మేరలోనే దిగాలి. పిల్లల్ని ‘వాడు చూస్తున్నాడులే’ అని ఒకరిమీద ఒకరు వదిలేయకుండా, ఎవరు ఎవరిని చూడాలో ఇంటి దగ్గరే అనుకుంటే మేలు.

ఆ తర్వాత ఒడ్డున ఇసుకలో కూర్చుని తలా ఓ పొట్లం మురీ మిక్చర్ తింటూ వెనక్కి తిరిగి చూడండి. పొద్దున ఎవరూ పట్టించుకోని కొండే, చీకట్లో దీపాలు పెట్టుకుని నిలబడి ఉంటుంది.

బయల్దేరే ముందు...

* ఎలా వెళ్లాలి: విశాఖ రైల్వేస్టేషన్ నుంచి కైలాసగిరి సుమారు పది కిలోమీటర్లు. 10కె సిటీ బస్సు కొండపైకి వెళ్తుంది. తీరం వెంబడి భీమిలి వెళ్లాలంటే 900కె. ఇంటిల్లిపాదీ కలిసి రెండు మూడు చోట్లు చూడాలంటే రోజుకు మాట్లాడుకున్న కారో ఆటోనో సుఖం.

* ఎప్పుడు: నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. వాతావరణ సూచన చూశాకే టికెట్లు తీసుకోవాలి. మే నెలలో ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ బాధిస్తుంది.

* రెండో రోజు ఉంటే: 2002లో అభయారణ్యంగా ప్రకటించిన కంబాలకొండ, దానికి దగ్గర్లోనే జంతుప్రదర్శనశాల. జూకు సోమవారం సెలవు. కంబాలకొండ చిరుతలు తిరిగే అడవి కాబట్టి అనుమతించిన దారి దాటి వెళ్లకూడదు.

* వెంట ఉండాల్సినవి: మంచినీళ్ల సీసాలు, టోపీలు, జారని చెప్పులు, పెద్దవాళ్ల మందులు... చెత్త వెనక్కి తెచ్చుకోవడానికి ఓ ఖాళీ సంచి!