మందారం ఆకు తిప్పి చూశారా?

మందారం ఆకులు పసుపెక్కగానే ఎరువు వేసేస్తాం మనం. కాస్త ఆగండి! ఏ ఆకులో ముందు చూడండి. అడుగునున్న ముదురాకులు ఒకటీ అరా పండి రాలితే కంగారక్కర్లేదు. వరసగా పండుతుంటే మట్టిలో వేలు గుచ్చండి. చిత్తడిగా ఉంటే నీళ్ళు తగ్గించాలి. తడి సరిగ్గానే ఉంటే బలం చాలలేదేమో, మాగిన పశువుల ఎరువు వేయండి. చిగురాకులు పసుపెక్కి, ఈనెలు పచ్చగానే ఉంటే ఇనుము లోపం. లీటరు నీళ్ళలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రంపూట చల్లండి.

చిగుళ్ళు ముడుచుకుని, దూది అంటినట్టు తెల్లగా ఉందా? చీమలు బారులు కట్టాయా? అయితే పిండినల్లే!

మా అత్తయ్య కాపురానికొచ్చిన ఏడాది నాటిన ముద్దమందారానికి పోయిన వేసవిలో ఇదే పట్టింది. "పీకేసి కొత్తది పెట్టుకోండి" అన్నారు చూసినవాళ్ళంతా. అత్తయ్య పైకేమీ అనలేదు గానీ, ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ముడుచుకున్న కొమ్మలు కత్తిరించి, సంచిలో మూటకట్టి పారేశాను. మిగతా చెట్టుకి పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టాను. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి, వారానికోసారి ఆకుల అడుగున తడిసేలా చల్లాను. నెలన్నరకి మొగ్గ తొడిగింది. ఇప్పుడు అత్తయ్య పూలసజ్జ మళ్ళీ నిండుతోంది.

ముసలి చెట్టుని పీకడం నిమిషం పని. ఆ ముందు ఓసారి ఆకు తిప్పి చూడండి!