పిలుపు ఎవరికి?

ఉద్యోగ విరమణ చేసిన వారి కాలక్షేపాలు రకరకాలు. కొందరు ప్రవచనాలకు వెళతారు, కొందరు పెరట్లో మొక్కలు పెంచుతారు, మరికొందరు వాటాల ధరలు చూసి నిట్టూరుస్తారు. నాకు మాత్రం కొన్నేళ్లుగా ఏటా ఏప్రిల్ మాసంలో ఒక విచిత్రమైన వ్యాపకం అబ్బింది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరపు వృత్తి ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడాది కళాశాలల నుంచి ఏ ఆటగాళ్లను తీసుకుంటుందో ముందుగా ఊహించి, పేర్లు కాగితం మీద రాసిపెట్టడమే ఆ వ్యాపకం. ఇందులో నాకు గురువూ, ప్రత్యర్థీ ఒక్కడే. పిట్స్‌బర్గ్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి కొడుకు. ముప్పై ఏళ్లకు పైగా మన సంస్థ సిబ్బంది విభాగంలో నియామకాల పని చూసినవాణ్ణి కనుక, ఈ విద్యలో నాకు కొంత ప్రవేశం ఉందని వాడు ఉదారంగా ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన కలకత్తా మైదానాల ఆట కాదని మొదటే చెప్పాలి. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని, శిరస్త్రాణాలు ధరించిన పదకొండుగురు మరో పదకొండుగురిని ఢీకొంటూ గజం గజం నేల గెలుచుకునే ఆట అది. పిట్స్‌బర్గ్ జట్టు పేరు స్టీలర్స్, అంటే ఉక్కువారు. వారి శిరస్త్రాణం కుడివైపున మాత్రమే ఒక చిహ్నం ఉంటుంది. ఒక వృత్తంలో నాలుగేసి కొనల నక్షత్రాల వంటివి మూడు. పసుపు బొగ్గుకు, నారింజ ఇనుప ఖనిజానికి, నీలం ఉక్కు తుక్కుకు గుర్తు. అది అక్కడి ఉక్కు పరిశ్రమ వారి ముద్ర. 1962లో ఆ జట్టు దాన్ని స్వీకరించింది. మన కర్మాగారంలో పనిచేసిన వారెవరైనా ఆ గుర్తు చూసి ఉదాసీనంగా ఉండలేరు. పైగా, మా అమ్మాయి సరుకులు కొనడానికి నన్ను తీసుకువెళ్లిన హోంస్టెడ్ ప్రాంతంలో ఒకప్పుడు మహా ఉక్కు కర్మాగారం ఉండేది. అది 1986లో మూతపడింది. ఇప్పుడక్కడ దుకాణాలు, సినిమా హాలు, వాటి పక్కన వరుసగా పాత ఇటుక పొగగొట్టాలు ఉన్నాయి. ఉక్కు చాలామటుకు పోయింది, పేరు మాత్రం జట్టుకు మిగిలింది.

ఆటగాళ్లను తీసుకునే పద్ధతిని డ్రాఫ్టు అంటారు. 1936లో ఫిలడెల్ఫియాలో తొలిసారి జరిగింది. అంతకుముందు ధనిక జట్లే మంచి ఆటగాళ్లను ఎగరేసుకుపోయేవి. ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్, క్రితం ఏడాది అధమంగా ఆడిన జట్టుకే ముందుగా కోరుకునే హక్కు ఇవ్వాలని ప్రతిపాదించాడు. (ఆయన జట్టే అప్పుడు అట్టడుగున ఉన్నదన్న సంగతి మనం గమనించినా తప్పు లేదు.) ఆ తొలి డ్రాఫ్టులో తొలి పేరు జే బెర్వాంగర్. ఆయన వృత్తి ఆటలో ఒక్క పోటీ కూడా ఆడలేదు! మన నియామకాల్లో కూడా మొదటి ర్యాంకు వాడు చేరకపోవడం కొత్తేమీ కాదు కదా. నేడు 32 జట్లు ఉన్నాయి, ఏడు విడతలుగా మూడు రోజులు ఈ తంతు సాగుతుంది. మొదటి విడత అక్కడ గురువారం రాత్రి ఎనిమిదింటికి ఆరంభమైతే, మనకు శుక్రవారం ఉదయం అయిదున్నర. ఆ వేళకు నేను కాఫీ గ్లాసుతో ఫోను ముందు కూర్చుంటాను.

మా మనవడి పద్ధతి శాస్త్రీయం. ప్రతి ఏడూ వసంతానికి ముందు ఇండియానాపొలిస్‌లో మూడు వందల మందికి పైగా కుర్రవాళ్లను పిలిచి కొలుస్తారు. ఎత్తు, బరువు, చేయి పొడవు, అరచేయి వెడల్పు, నలభై గజాల పరుగుకు పట్టిన కాలం, 225 పౌన్ల బరువును ఎన్నిసార్లు ఎత్తగలడు, నిలుచున్న చోటు నుంచి ఎంత ఎగరగలడు. ఈ అంకెలన్నీ వాడికి కంఠతా వచ్చు. నిపుణులు ప్రకటించే యోగ్యతా క్రమాలను పక్కపక్కన పెట్టి, ఏ జట్టుకు ఏ స్థానంలో కొరత ఉందో చూసి, మొత్తం మొదటి విడతను ముందుగానే నడిపించేస్తాడు. దాన్ని వారు మాక్ డ్రాఫ్టు అంటారు. చూడ ముచ్చటగా ఉంటుంది. చిక్కేమిటంటే ప్రతి పేరూ అంతకు ముందరి పేర్ల మీద ఆధారపడి ఉంటుంది. మూడో జట్టు అనుకోని వాడిని పిలిచిందా, ఇరవయ్యో జట్టు దాకా అన్నీ తారుమారు. మధ్యలో జట్లు తమ వరుసలను బేరమాడి మార్చుకుంటాయి కూడా.

నా పద్ధతి వేరు. నేను కుర్రవాళ్లను చూడను, కూర్చుని ఎంచేవాళ్లను చూస్తాను. ఎంపిక మండళ్లలో సభ్య కార్యదర్శిగా ఎన్నో ఏళ్లు ఒక మూల కూర్చున్న అనుభవం నాకు ఇంతవరకు నేర్పింది. అభ్యర్థుల దస్త్రాలు ఏటా మారతాయి, మండలి మనసు అంత త్వరగా మారదు. స్టీలర్స్ సంగతే చూడండి. 1969లో చక్ నోల్, 1992లో బిల్ కౌహర్, 2007లో మైక్ టామ్లిన్. 1969 మొదలు 2025 దాకా ప్రధాన శిక్షకుల పేర్లు ఈ మూడే. యాజమాన్యం 1933 నుంచి రూనీల కుటుంబానిదే. అటువంటి ఇంటికి అలవాట్లు ఉంటాయి. డ్రాఫ్టుకు ముందు ప్రతి జట్టూ ముప్పై మంది దాకా కుర్రవాళ్లను తన ఆవరణకు పిలిపించుకుని మాట్లాడవచ్చు. ఆ ముప్పై ఎవరు, ఏ కళాశాల ప్రదర్శనకు ప్రధాన శిక్షకుడే స్వయంగా విమానమెక్కి వెళ్లాడు, ఎవరి అన్నదమ్ములు ఇప్పటికే ఆ జట్టులో ఉన్నారు, ఇవన్నీ నాకు పరుగు పందెపు అంకెల కన్న ముఖ్యం. మరొకటి కూడా ఉంది. అది ఆ ఇంటి జ్ఞాపకశక్తి.

1983లో డాన్ మరీనో అనే కుర్రవాడు డ్రాఫ్టుకు వచ్చాడు. పిట్స్‌బర్గ్‌లోనే పుట్టి, అక్కడి విశ్వవిద్యాలయంలోనే ఆడినవాడు. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతిని విసిరి దాడిని నడిపే సేనాని. ఇరవై ఒకటో వంతు వచ్చినప్పుడు స్టీలర్స్ అతణ్ణి వదలి, రక్షణ పంక్తి కోసం గేబ్ రివేరాను పిలిచారు. ఇరవై ఏడో పిలుపుతో మరీనో మయామీకి వెళ్లి, పదిహేడేళ్లు ఆడి, రికార్డులు తిరగరాశాడు. రివేరా తొలి ఏడాదే కారు ప్రమాదంలో శరీరం చచ్చుపడి, మళ్లీ మైదానంలో దిగలేకపోయాడు. ఆ ప్రమాదాన్ని ఏ కొలబద్ద ముందుగా చెప్పగలదు? ఇరవై ఒక్క ఏళ్లు గడిచాక, 2004లో పదకొండో వంతు వచ్చినప్పుడు గదిలోని వారి మొగ్గు మరొక ఆటగాడి వైపు ఉండగా, మరీనోను పోగొట్టుకున్న సంగతి గుర్తుకు వచ్చి, బెన్ రాత్లిస్‌బర్గర్ అనే క్వార్టర్‌బ్యాక్ వైపు చర్చను తానే మళ్లించినట్లు డాన్ రూనీ ఆత్మకథలో రాసుకున్నారు. ఆ యువకుడు పద్ధెనిమిది ఏడాదులు ఆడి, రెండు సూపర్ బౌల్‌లు తెచ్చాడు.

2022లో రాత్లిస్‌బర్గర్ విరమించాడు, సేనాని స్థానం ఖాళీ అయింది. స్టీలర్స్‌కు ఇరవయ్యో వంతు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచే కెన్నీ పికెట్ అనేవాడు వచ్చాడు. మరీనో నెలకొల్పిన కళాశాల రికార్డులను దాటినవాడు. మా మనవడు ససేమిరా అన్నాడు. "తాతయ్యా, వాడి అరచేయి ఎనిమిదిన్నర అంగుళాలే. అంత చిన్న చేతితో చలికాలం బంతి పట్టు దొరకదు" అని వాదించాడు. నేను చెప్పింది ఒకటే. ఆ విశ్వవిద్యాలయపు జట్టు, స్టీలర్స్ జట్టు ఒకే భవనంలో సాధన చేస్తాయి, ఒకే మైదానంలో ఆడతాయి. అయిదేళ్లుగా కిటికీలోంచి చూస్తున్న పిల్లవాడిని ఆ ఇంటివారు రెండోసారి వదులుకోరన్నాను. ఆ శుక్రవారం ఉదయం పికెట్ పేరే పిలిచారు. మా ఇంట్లో ఆ పూట నా గౌరవం పెరిగింది. అయితే రెండేళ్లు తిరగకుండానే, 2024 మార్చిలో, స్టీలర్స్ అతణ్ణి ఫిలడెల్ఫియాకు ఇచ్చివేశారు. వార్త చెబుతూ మా మనవడు, "నీ ఊహ సరిగ్గానే ఉంది, వాళ్ల ఎంపికే సరిగ్గా లేదు" అన్నాడు. పదిహేనేళ్ల వాడి నోట ఆ మాట విని నేను కొంతసేపు మాట్లాడలేదు. మండలి ఎవరిని కోరుకుంటుందో చెప్పగలగడం ఒక విద్య. కోరుకున్న వాడు పదేళ్ల తర్వాత ఏమవుతాడో చెప్పగలగడం వేరొక విద్య. మొదటి దానిలో నాకు కొంత నేర్పు ఉంది. రెండోది నా సర్వీసులో ఎవరి దగ్గరా చూడలేదు.

2023లో వాడి వంతు వచ్చింది. జోయీ పోర్టర్ కొడుకును, అదే పేరు గలవాణ్ణి, స్టీలర్స్ పదిహేడో పిలుపుతో తీసుకుంటారని వాడు పెద్ద అక్షరాలతో రాశాడు. తండ్రి ఒకప్పుడు అదే జట్టులో ఆడినవాడు, కుర్రవాడు ఆ చుట్టుపక్కలే పెరిగినవాడు. తీరా చూస్తే జట్టు బేరమాడి పద్నాలుగో స్థానానికి ఎగబాకి, బ్రాడరిక్ జోన్స్ అనే మరొకణ్ణి పిలిచింది. వాడు ఆ రాత్రి ఫోను పెట్టేశాడు. కాని తక్కిన జట్లు కూడా పోర్టర్‌ను పిలవలేదు. శిక్షగా మయామీ జట్టుకు ఆ ఏడాది మొదటి విడత రద్దు కావడంతో అది 31 పేర్లతోనే ముగిసింది. రెండో విడతలో తొలి పిలుపు స్టీలర్స్‌ది. మర్నాడు వాళ్లు పిలిచింది పోర్టర్‌నే. మనిషి సరి, విడత తప్పు. దీనికి మార్కులు ఎన్ని వేయాలన్న దానిపై మా ఇద్దరికీ జరిగిన చర్చ వేతన ఒప్పందపు చర్చల కన్న తక్కువేమీ కాదు. చివరకు ముప్పాతిక మార్కుకు రాజీ కుదిరింది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్న ఇష్టమైన సంవత్సరం 1974. ఆ ఏడాది స్టీలర్స్ మొదటి అయిదు విడతల్లో పిలిచిన వారిలో నలుగురు, లిన్ స్వాన్, జాక్ లాంబర్ట్, జాన్ స్టాల్‌వర్త్, మైక్ వెబ్‌స్టర్, ప్రసిద్ధుల మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. ఆ దశకంలో జట్టు నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచింది. దీని వెనుక బిల్ నన్ అనే ఒక మనిషి ఉన్నాడు. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రికలో పాత్రికేయుడు. దక్షిణాదిన నల్లవారి కళాశాలల ఆటగాళ్లను ఏళ్ల తరబడి స్వయంగా చూసి, ఏటా ఉత్తమ జట్టును తన పత్రికలో ప్రకటించేవాడు. తక్కిన జట్ల అన్వేషకులు ఆ కళాశాలలకు పెద్దగా వెళ్లని రోజులవి. స్టీలర్స్ ఆయన్ను అన్వేషకుడిగా తెచ్చుకున్నారు. స్టాల్‌వర్త్ ఆయన చూపు వల్ల దొరికినవాడే. అదే ఏడాది సౌత్ కరోలినా స్టేట్ కళాశాల కుర్రవాడు డానీ షెల్‌ను పదిహేడు విడతల్లో ఏ ఒక్క జట్టూ పిలవలేదు. నన్ అతణ్ణి విడిగా తెచ్చి చేర్పించాడు. షెల్ ప్రత్యర్థుల బంతులను 51 సార్లు మధ్యలో అందుకున్నాడు. హాల్ ఆఫ్ ఫేమ్ 2020లో షెల్‌ను, 2021లో నన్‌ను గౌరవించింది. నన్ అప్పటికే 2014లో కన్నుమూశాడు.

షెల్ కథ చదివినప్పుడు నాకు మన దగ్గర ఒక ఏడాది శిక్షణార్థుల ఎంపికలో నిరీక్షణ జాబితా మొదటి పేరు జ్ఞాపకం వచ్చింది. పై వాడికీ అతనికీ తేడా ఒకటిన్నర మార్కు. పై వాడు మరెక్కడో చేరడంతో నాలుగు నెలల తరువాత ఇతనికి ఉత్తర్వు వెళ్లింది. ఆ నాలుగు నెలలూ తండ్రి నడిపే సైకిల్ దుకాణంలో పంక్చర్లు వేశానని చేరిన రోజు చెప్పాడు. తరువాతి కాలంలో, కొలిమి ఊపిరి చప్పుడు విని లోపలి సంగతి చెప్పగల ఇంజనీరుగా అతనికి పేరు వచ్చింది. ఒకటిన్నర మార్కు ఎందులో తగ్గిందా అని ఒకసారి పాత దస్త్రం తీసి చూశాను. బృంద చర్చలో తక్కువ మాట్లాడాడట.

ఈ కథ మా మనవడికి చెప్పాను. ఫలితంగా మా పోటీకి కొత్త నిబంధన చేరింది. ఏడు విడతల జాబితా అడుగున, ఏ జట్టూ పిలవదని అనిపించిన ఒక కుర్రవాడి పేరు రాసి, వాడు నిలుస్తాడని పందెం కట్టాలి. దాని మార్కులు ఎప్పుడు లెక్కించాలన్నది ఇంకా తేలలేదు. వాడు మూడేళ్లు చాలంటున్నాడు. నేను పదేళ్లు అంటున్నాను. నా వయసు దృష్ట్యా అది అన్యాయమని వాడి అభ్యంతరం.