అనంతరాజసాగరపు కట్టమీద

గత కార్తికమున ఒకనాటి ఉదయము, ఉపాధ్యాయుడైన నా మిత్రుడు తన తొమ్మిదవ తరగతి పిల్లలను వెంటబెట్టుకొని, కడప జిల్లాయందు బద్వేలికి ఎగువనున్న పోరుమామిళ్ళ చెరువునకు పోవుచుండగా, పనిలేనివాడను గనుక నేనును వారి వెనుక నడచితిని. భావితరములయెడ మన బాధ్యతను వివరింపుమను ప్రశ్నకు పిల్లలందరును ఏటేట అదే జవాబును అక్షరము పొల్లుపోకుండ వ్రాయుచుండుటచే విసిగియుండిన ఆయన, ఈయేడు ఆ పాఠమును చెరువుకట్టమీదనే చెప్పవలెనని పట్టుబట్టినాడు. ఆ పాఠమునకు చట్టపు అండ లేకపోలేదు. 1976లో రాజ్యాంగమునకు చేసిన 42వ సవరణ ప్రకృతిసంరక్షణమును పౌరుని ప్రాథమిక కర్తవ్యములలో చేర్చినది. 1991లో సుప్రీంకోర్టు పాఠశాలలయందు పర్యావరణబోధ తప్పనిసరి యని ఆదేశించినది. వానివలన పాఠ్యపుస్తకమున ఒక అధ్యాయము పెరిగినమాట నిజమే.

ఊరిలో భైరవాలయము నెదుట నిలిపిన రెండు శిలాఫలకములయొద్ద మేము చాలసేపు నిలిచితిమి. శక సంవత్సరము 1291, అనగా క్రీ.శ. 1369లో, మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు ఈ తటాకమును త్రవ్వించి, అనంతరాజసాగరమని పేరిడి, ఆ వృత్తాంతమును సంస్కృతమున చెక్కించినాడు. దినమునకు వేయిమంది కూలీలు, రాయి తోలుటకు నూరు బండ్లు, రెండేండ్ల పని. నావంటి చదువరికి ఆ పాత అక్షరములు కొరుకుడుపడకపోయినను, మిత్రుడు అర్థమును ముందే వ్రాసి తెచ్చినాడు. రాజుల శాసనములు సాధారణముగా బిరుదులతో మొదలై శాపములతో ముగియును. ఈ శాసనకర్త యన్ననో, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తప్పించుకొనవలసిన ఆఱు దోషములను గూడ వరుసగా చెప్పినాడు. తన చెరువు నిండిన చాలునని తలచినవాడు అంత శ్రమ పడడు. ఎన్నడో, ఎక్కడో, మఱియొక చెరువు కట్టబోవు అపరిచితుని చేతికి ఆ జాబితా నందించినాడని నాకు తోచినది. కుమారుడు, కావ్యము, తటాకము, దేవాలయము, నిధి, వనము, అగ్రహారము అని పూర్వులు లెక్కించిన సప్తసంతానములలో రక్తసంబంధము గలది ఒక్కటే గదా!

పిల్లలు దోషములను కాగితముమీద వ్రాసికొని, కట్టయెక్కి, ఒక్కొక్కటే పరీక్షింపసాగిరి. కట్టనుండి నీరూరుట, చవుడునేల, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై పొలము విస్తారమగుట, పొలము కొంచెమై నీరు విస్తారమగుట. ఇవి వారికి సులభముగనే తెలిసినవి. రెండు రాజ్యముల పొలిమేరయందుండుట దోషమెట్లగునని ఒకడు సందేహింపగా, వెనుకనుండి మఱియొకడు, "కృష్ణా నీళ్ళ తగాదా వినలేదారా?" అన్నాడు. అంతట, అందఱికన్న వెనుక నిలిచియున్న ఒక చిన్నది, "సార్, పూడిక సంగతి రాయలేదే?" అని అడిగినది.

మిత్రుడు కాగితమును అటునిటు త్రిప్పినాడు. నిజమే, ఆఱింటిలో పూడిక లేదు. తూము దాపున కూర్చుండి బీడీ ముట్టించుచున్న ఒక ముసలివాడు, తన తండ్రి చెరువునీటిని పొలములకు పారించు నీరుగంటియట, ఈ మాట విని నవ్వి, "ఆ రాత కట్టేవానికి పాపా. చూసుకునేవాళ్ళకు రాత యెందుకు, మాన్యమిచ్చినారు" అన్నాడు.

ఆతడు చెప్పినది దశబంధమును గూర్చి. చెరువు కట్టినవానికిని, దానిని బాగుచేయువానికిని ఆయకట్టున కొంత భూమి నిచ్చి, ఆ ఫలము ననుభవించినంతకాలము కట్టను కాపాడు భారమును ఆ వంశముమీదనే నిలిపిన ఏర్పాటది. రాయలసీమలో శతాబ్దములపాటు సాగినది. దీనిని నేను పొగడుటకు సందేహించుచున్నాను, ఏలయన మాన్యము తినువాడొకడును, బురదలో దిగి తట్ట మోయువాడొకడును అగుట అప్పుడును కలదు. ఆ వేయిమంది కూలీలలో ఒక్కని పేరును నేను చూచిన అర్థములో లేదు. అయినను, ముందుతరములయెడ బాధ్యతను హృదయమునకు వదలక, వడ్లగింజకు ముడివేసినవారి వివేకమును మన పాఠ్యపుస్తకమందలి ప్రబోధవాక్యములతో పోల్చినప్పుడు, పుస్తకము నాకు మిక్కిలి పలుచగా కనబడినది. మాన్యముల కట్టుబాటు సడలి, పూడిక తీయుట ప్రభుత్వమువారి పని యైన పిమ్మట, ఆ పని ఎవ్వరిదో అడుగు అలవాటే ఊళ్ళలో సన్నగిల్లినది.

తూముకడ నీటిపై చెప్పులు, సంచులు, పూజ ముగిసిన దండలు తేలుచుండెను. ఇద్దఱు కుఱ్ఱలు ఒక కట్టెతో వానిని ఒడ్డుకు లాగుచుండిరి, ఎవ్వరును చెప్పలేదు.

ఎండ ముదిరినది. రోడ్డుమీద బస్సు హారను రెండుమారులు మ్రోగగా పిల్లలందఱును కట్ట దిగిరి గాని, ఆ చిన్నది మాత్రము కాగితమున ఆఱవ దోషము క్రింద ఏడు అని అంకెవేసి, ఎదుట చోటు ఖాళీగా నుంచి, ముసలివాని ప్రక్కన చతికిలబడి, "తాతా, యీ పూడికంతా తియ్యల్లంటే యెన్ని బండ్లు కావాల?" అని అడుగుచుండెను. ఆతడు ఆరిపోయిన బీడీతో చెరువు ఆవలి ఒడ్డును చూపి ఏమో లెక్కించుచుండెను. మిత్రుడు చేయెత్తి డ్రైవరును కొంచెము ఆగుమన్నాడు.