మోకాలి మార్పిడి ఎవరికి? ఎక్స్‌రే కటాఫ్ మార్కు కాదు

జీఎస్-2లో ఆరోగ్యం చదువుతాం, జీఎస్-4లో నైతికత చదువుతాం. ఆ రెండూ కలిసే చోటు ఈసారి మా ఇంట్లోనే దొరికింది. అందుకే ఈ వారం వ్యాసం దాని మీద.

మాది ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్. రైల్వే పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. తాతయ్య వర్క్‌షాపులో ఫిట్టర్. ఆయన పోయాక నానమ్మకు ఫ్యామిలీ పెన్షన్, రిటైర్డ్ ఉద్యోగుల వైద్య పథకం కార్డు మిగిలాయి. ఆమెకు ఇప్పుడు 71 ఏళ్లు. మోకాళ్ల నొప్పితో గోల్‌బజార్‌కు నడిచి వెళ్లడం మానేసి రెండేళ్లయింది.

ఎక్స్‌రే తీయిస్తే నాలుగో గ్రేడు అన్నారు. కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు 1957లో ఇచ్చిన ఈ కొలత 0 నుంచి 4 వరకు ఉంటుంది. నాలుగు అంటే కీలు మధ్య ఖాళీ దాదాపు పోయినట్టు. నేను వెంటనే లెక్క వేసేశాను. గ్రేడు 4, కార్డు ఉంది, ఖర్చు బెంగ లేదు. కాబట్టి అర్హురాలు. నోటిఫికేషన్ రాగానే వయసు, డిగ్రీ, అటెంప్టులు చూసుకునే అలవాటు మనది. ఇక్కడా అదే చేశాను.

ఎముకల డాక్టరు గారు మాత్రం ఎక్స్‌రే పక్కన పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టారు. ఎంత దూరం నడవగలరు? నొప్పికి రాత్రి మెలకువ వస్తుందా? మందులు, వ్యాయామం ఎన్నాళ్లు చేశారు? నేను జవాబు చెప్పబోతే ఆపి, ఆవిడనే చెప్పమన్నారు. నానమ్మ, "అంత నొప్పేటీ నేదు బాబూ, వయసు కదా" అంది. రాత్రి రెండు మూడుసార్లు లేచి కూర్చునే మనిషి అన్న మాట అది.

తర్వాత చదువుతుంటే ఈ మాట ఎంత ఖరీదైనదో తెలిసింది. కెనడాలోని ఒంటారియోలో జరిపి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒకే స్థాయి మోకాలి అరుగుదల ఉన్న ఒక పురుషుణ్ణి, ఒక స్త్రీని పలువురు డాక్టర్ల దగ్గరికి పంపారు. ఆపరేషన్ సలహా పురుషుడికే ఎక్కువగా వచ్చింది. అక్కడ ఇద్దరూ తమ బాధ చెప్పుకున్నారు. మా నానమ్మ లాంటి వాళ్లు అది కూడా చెప్పరు.

రక్తపరీక్షలో మూడు నెలల సగటు చక్కెర, అంటే హెచ్‌బీఏ1సీ, 9.4 వచ్చింది. పుచ్చిన పన్ను కూడా ఉంది. డాక్టరు గారు "ఇప్పుడు కాదు" అన్నారు. నాకు కోపం వచ్చింది. తిప్పి పంపేశారనుకున్నాను. ఇంటికొచ్చి చీటీ చూస్తే అందులో నాలుగు పనులు రాసి ఉన్నాయి: చక్కెర తగ్గించాలి, పన్ను చూపించాలి, తొడ కండరాల వ్యాయామం చేయాలి, మూడు నెలల తర్వాత మళ్లీ రావాలి.

చక్కెర అదుపులో లేకుండా కృత్రిమ కీలు పెడితే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. అందుకే 2023లో అమెరికా కీళ్ల వైద్య సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాలు మధుమేహం అదుపులోకి వచ్చేదాకా ఆగమన్నాయి. బరువు ఎక్కువన్న ఒక్క కారణంతో మాత్రం ఆపొద్దన్నాయి. ఇంగ్లండ్‌లోని నైస్ సంస్థ 2022లో ఇంకా సూటిగా చెప్పింది: వయసు, లింగం, పొగతాగడం, ఇతర జబ్బులు, ఊబకాయం వంటి కారణాలతో ఎవరినీ సర్జన్ దగ్గరికి పంపకుండా ఆపకూడదు. అంటే తగ్గించగల ముప్పును ముందు తగ్గించాలి, మనిషిని మాత్రం వరుసలోంచి తీసేయకూడదు.

పాలనలో మనం నేర్చుకోవాల్సింది ఇదే అనిపిస్తుంది. "కాదు" అని ఫైలు మూసేయడం వేరు. "ఇప్పుడు కాదు, ఈ పనులు చేసి ఫలానా తేదీకి రండి" అని రాసివ్వడం వేరు. కారణం, తేదీ లేని వాయిదా తిరస్కారంతో సమానం.

మిగిలిన సగం నిర్ణయం నానమ్మది. చాలామందికి ఈ ఆపరేషన్ మేలు చేస్తుంది. 2019లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం పూర్తి మోకాలి మార్పిడుల్లో దాదాపు 82% పాతికేళ్లు నిలుస్తాయి. అయినా సుమారు ఐదుగురిలో ఒకరు ఫలితంతో తృప్తి పడరని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. ఏం ఆశించి బల్ల ఎక్కామన్నది అందుకే ముఖ్యం. ఆపరేషన్ తర్వాత నేల మీద కూర్చోవడం మానుకోవాలని డాక్టరు గారు చెప్పగానే నానమ్మ నావైపు తిరిగింది. "మరి దేవుడి కాడ ఎలా కూకుంటాన్రా?" నా అర్హతల పట్టికలో ఆ గడే లేదు.

పట్టికలోకే రాని మనిషి మరొకరున్నారు. మా వీధిలో కాంట్రాక్టు కూలీగా పనిచేసిన ఒక మామయ్య నడక నానమ్మ నడక కంటే కష్టం. రైల్వే కార్డు లేదు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలు. అది కీలు ధర మాత్రమే. ఆసుపత్రి, సర్జన్, ఫిజియోథెరపీ, మంచం మీద ఉన్న రోజుల కూలి దాని మీద అదనం. డాక్టరు "మీరు తగినవారా?" అని అడగాలంటే ఆ గది దాకా చేరాలి కదా. మామయ్య చేరలేదు. అసలు ఎంపిక అక్కడే జరిగిపోయింది.

మూడు నెలలు అయ్యాయి. పన్ను తీయించాం. చక్కెర 7.3కి వచ్చింది. సోమవారం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి మామయ్యనూ తీసుకెళ్లి, ఆయనకు ఏ పథకం వర్తిస్తుందో అడుగుతాను. నిన్న రాత్రి నానమ్మ తనంతట తానే అంది: "దేవుణ్ణి బల్ల మీద పెడదాం లేరా. నాకు రాత్రి నిద్దరట్టాల."

సాధన ప్రశ్న: "అర్హత నిబంధన సమానంగా ఉన్నంత మాత్రాన అవకాశం సమానం కాదు." ప్రజారోగ్య సేవల నుంచి ఒక ఉదాహరణతో చర్చించండి. (150 పదాలు)