బొంబాయి టేకు ఓడ

ఇంగ్లండ్‌లోని హార్ట్‌పూల్‌లో హెచ్‌ఎంఎస్ ట్రింకోమలీ అనే తెరచాప యుద్ధనౌక ఇప్పటికీ నీళ్లమీద తేలుతోంది. దాన్ని కట్టింది మన బొంబాయిలో, 1817లో! నెపోలియన్‌తో యుద్ధాల వల్ల బ్రిటన్‌లో ఓక్ కలపకు కరువొచ్చింది. అందుకని మలబారు టేకు వాడారు. పార్సీ ఓడల మేస్త్రీ జంషెడ్‌జీ బొమన్‌జీ వాడియా దగ్గరుండి కట్టించారు. టేకులోని నూనె చెక్కను త్వరగా పుచ్చనివ్వదు, అందుకే అంత మన్నిక. తర్వాత దశాబ్దాలపాటు శిక్షణ నౌకగా పనిచేసింది. 1990లలో బాగుచేయించి, మ్యూజియంగా నిలబెట్టారు. బ్రిటన్ యుద్ధనౌకల్లో నేటికీ తేలుతున్నవాటిలో ఇదే అన్నిటికన్నా పాతది.

ఈ ఓడ గురించి చదివినప్పటి నుంచీ దాన్ని కట్టిన వడ్రంగుల మీద గౌరవం పెరుగుతూనే ఉంది. మన పిల్లల పాఠాల్లో రాజుల యుద్ధాలతో పాటు ఈ పనివాళ్ల కథకూ చోటివ్వాలి.